ఆనకట్ట వీపు

నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి "డ్యాం చూసి వచ్చాం" అని చెప్పుకోవడం మనకు అలవాటైపోయిన అబద్ధాలలో ఒకటి. కోపంతో అంటున్న మాట కాదిది, కావాలంటే కొలిచి చూసుకోవచ్చు. ఆ కట్టడం ఎత్తు పునాది నుంచి దాదాపు 124 మీటర్లు. దాని ముఖం దిగువకు, కృష్ణ వెళ్ళిపోయే వైపుకు తిరిగి ఉంటుంది. ఆ రాతిగోడ ఎత్తూ, 26 గేట్లూ ఎత్తిన రోజు దూకే తెల్లటి నీరూ దిగువ వంతెన మీద నిలబడినవాడికి దక్కే దృశ్యాలు. లాంచీ తిరిగేది ఎగువన, జలాశయంలో. అక్కడి నుంచి కనిపించేది ఆనకట్ట వీపు మాత్రమే. నీటి మీద బారుగా గీసిన ఒక గీత, దాని మీద వరసగా గేట్ల స్తంభాలు, అంతే. జలాశయం నిండిన ఏడాది ఆ గీత మరింత సన్నబడుతుంది. అంటే ఆనకట్ట తన పని ఎంత బాగా చేస్తే లాంచీలో ఉన్నవాడికి అంత తక్కువగా కనిపిస్తుందన్నమాట!

మరి లాంచీలోంచి చూడగలిగినదేమిటి? నీరు, ఆ నీరు కప్పినది. నా వాదమంతా ఇంతే. ఈ పడవ ప్రయాణం ఆనకట్టను చూడటానికి పనికిరాదు. ఆనకట్ట దేనిని కప్పిందో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకంటే తగిన చోటు తెలుగునేల మీద మరొకటి లేదు. ఆ ఒక్క పనికే మనం దానిని వాడుకోవడం లేదు. ఇందులో లాంచీలు నడిపేవారి బాధ్యత ఎంతో, యాత్రలు చేసి వచ్చి టపాలు రాసే మన బాధ్యతా అంతే.

కుడిగట్టున రేవున్న ఊరి పేరు విజయపురి సౌత్. అక్కడి నుంచి నాగార్జునకొండ దీవికి సుమారు 11 కిలోమీటర్లు. లాంచీకి ముప్పావు గంటో, గంటో పడుతుంది. అంత తీరిక లేనివారిని కాసేపు నీటి మీద తిప్పి తెచ్చే చిన్న చుట్లు కూడా ఉంటాయి, జాలీ ట్రిప్పులంటారు వాటిని. టిక్కెట్టు మీదా, బస్సు బోర్డు మీదా రోజూ చదివే ఆ విజయపురి ఎవరిదని అడిగేవారు అరుదు. సాతవాహనుల తరువాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో మొదలుపెట్టి 4వ శతాబ్దపు తొలినాళ్ళ దాకా కృష్ణాతీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని అది. కాలనీకి ఊరి పేరు పెట్టుకున్నాం. అసలు ఊరు లాంచీ కింద ఉంది.

ఆ ఊరు సామాన్యమైనది కాదు. ఒకే లోయలో బౌద్ధ స్తూపాలు, విహారాలు, నది ఒడ్డున శివాలయాలు, హారీతి గుడి, రాజు యజ్ఞం చేసిన చోటు, రాతిమెట్లు కట్టిన స్నానఘట్టం, చుట్టూ మెట్ల వరసలతో మధ్యలో ఆటస్థలం ఉన్న ప్రేక్షాగారం, అన్నీ ఉండేవి. రాజులు వైదిక క్రతువులు చేశారు, ఆ రాజుల ఇంటి ఆడవాళ్ళు బౌద్ధానికి దానాలిచ్చారు. మొదటి చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించి, తన సోదరుడి కొడుకు వీరపురుషదత్తుడి పాలనలో 6వ ఏట ఆ నిర్మాణాన్ని పూర్తి చేయించింది. బోధిసిరి అనే ఉపాసిక సింహళ దేశపు స్థవిరుల కోసం చైత్యగృహం కట్టించి, వారు ధర్మం చాటిన దేశాల పేర్లను శాసనంలో వరసగా చెక్కించింది. కాశ్మీరం, గాంధారం, చీనా... కృష్ణ ఒడ్డున నిలబడి ఒక స్త్రీ అంత దూరం చూసింది. మనం అదే చోట లాంచీలో కూర్చుని ఆవలి గట్టు దాకా కూడా చూడలేకపోతున్నాం.

ఆ నగరం గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి, నా వాదానికి అదే మూలకందం గనక. విజయపురివారికి చనిపోయినవారి పేరిట రాయి నిలిపే ఆచారముండేది. శాసనాలలో 'ఛాయాఖంభం' అన్నారు దానిని, అంటే ఛాయాస్తంభం. పోయినవాడి నీడ నిలిచే కంబమని మనం చెప్పుకోవచ్చు. రాజుకు నిలిపారు, సేనాపతులకు నిలిపారు, యుద్ధంలో పడిన సైనికులకు నిలిపారు, చివరికి ఒక పనివాడికి కూడా నిలిపారు. పదిహేడు వందల ఏళ్ళ కిందట, ఇక లేనివారి పేరు రాతి మీద ఉండాలని ఆ లోయవాళ్ళకు తోచింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

1926లో స్థానిక ఉపాధ్యాయుడొకరు ఇచ్చిన సమాచారంతో పురావస్తు శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి ఆ లోయకు వెళ్ళి, ఈ శిథిలాలను లోకం దృష్టికి తెచ్చారు. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వారు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్ళీ పని మొదలుపెట్టారు. ఈలోగా నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది. దానికోసం ముక్త్యాల రాజా పడిన శ్రమ పల్నాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునగడం ఖాయమైపోయింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖవారు నీటితో పందెం వేసినట్టు తవ్వారు. దొరికినదానిలో కొంత భాగాన్ని ఎత్తుకెళ్ళి కొండ మీద తిరిగి పేర్చారు, కొన్నిటిని కుడిగట్టున అనుపులో నిలబెట్టారు. కొండ మీద మ్యూజియం 1966లో వచ్చింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు.

ఆ తవ్వకందారులకు నేను చేతులెత్తి మొక్కుతాను. వారు చేసింది చిన్న పని కాదు. కానీ ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. రాజుల కాలానికి సంబంధించిన రెండో సంపుటం వెలువడింది 2006లో. తవ్వకం ఆగిన 46 ఏళ్ళకు! అదీ ఇంగ్లీషులో. ఊరు మునగడానికి పట్టిన కాలం కంటే ఊరి గురించి రాయడానికి ఎన్నో రెట్లు ఎక్కువ కాలం పట్టిందంటే, మునిగినదాని పట్ల మన శ్రద్ధ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

రాజధాని సంగతి ఇలా ఉంటే, మునిగేనాటికి అక్కడ బతుకుతున్న ఊళ్ళ సంగతి ఇంకా దయనీయం. లోయలో పుల్లారెడ్డిగూడెమని ఒక పల్లె ఉండేది. ఎడమగట్టున ఏలేశ్వరం ఉండేది. చెంచులు తిరిగిన అడవి, లంబాడీల తండాలు, రెడ్ల పొలాలు ఉండేవి. ఏలేశ్వరంలో కూడా తవ్వారు, దొరికిన శిల్పాలను పుస్తకాలకెక్కించారు. రాతి బొమ్మలకు లారీలు దొరికాయి, మ్యూజియం దొరికింది, ఒక్కొక్కదానికీ నంబరు దొరికింది. బొడ్రాయికి నంబరెవరు వేశారు? చావడి ముందున్న వేపచెట్టును ఏ నివేదికలో రాశారు? ఇక్ష్వాకుల ఇటుక ఎన్ని అంగుళాలో మనకు తెలుసు. ఇక్ష్వాకుల ఇటుకల పక్కన గొడ్లు కాసుకున్న మనిషి ఎక్కడికి పోయాడో మనకు తెలియదు. ఆ మనిషి మనవడు ఈవేళ ఏ పట్నంలోనో ఉండి, సెలవురోజున పిల్లలతో ఇదే లాంచీ ఎక్కి ఉండవచ్చు. తన తాత పొలం మీదుగా పోతున్నానని అతనికి చెప్పేవారు ఎవరు?

ఎవరూ చెప్పరు. ఒకసారి నేనెక్కిన లాంచీలో ప్రయాణం సాగినంతసేపూ సినిమా పాటలు మోగాయి. మైకు ఉంది. అందులోంచి వచ్చిన మాటలు రెండే: ఒకవైపుకు ఒరిగి నిలబడవద్దు, ఇన్ని గంటలకల్లా తిరిగి రేవుకు రావాలి. మా వెనక బల్ల మీద ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు "తాతా, ఈ నీళ్ళ కింద ఏముంటది?" అని అడిగాడు. "ఏముంటది నాయనా, ఇంకా నీళ్ళే" అన్నాడు ఆ పెద్దాయన. ఆయనను నేను తప్పు పట్టను. ఆయనకు చెప్పినవారు లేరు. ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగల మైకు మా నెత్తి మీదే ఉంది. అది పాట పాడుతోంది. నిర్వాహకులెవరైనా కానివ్వండి, నదికి రెండు గట్లున్నట్టే ఇప్పుడు రేవులకూ రెండు రాష్ట్రాలున్నాయి. ఏ గట్టున ఎక్కినా ఈ విషయంలో తేడా నాకు కనిపించలేదు.

ఇక మన రాతల సంగతి. సాగర్ యాత్ర మీద మనవాళ్ళ టపాలు నేను చాలానే చదివాను. అన్నిటికీ ఒకే అచ్చు. హైదరాబాదు నుంచి సుమారు 150 కిలోమీటర్లు, తెల్లవారుజామున బయలుదేరాం, దారిలో ఫలానా చోట టిఫిను, గేట్లెత్తారు గనక జన్మ ధన్యం, ఎత్తలేదు గనక నిరాశ, లాంచీ ఆలస్యం, మ్యూజియంలో ఫోటోలు తీయనివ్వలేదు, ఎత్తిపోతల జలపాతం, ఒడ్డున చేపల వేపుడు, ఇంటికి. చేపల వేపుడు మీద నాకు ద్వేషమేమీ లేదు. అయితే ఆ వేపుడుకు ఇచ్చిన నాలుగు వాక్యాలలో ఒక్కటి తగ్గించి మునిగిన ఒక్క ఊరి పేరు రాస్తే టపా పాడవుతుందా? తెలుగులో రాయడం కోసం ఇంత తాపత్రయపడి, అక్షరం తెర మీద సరిగ్గా కనబడాలని తంటాలు పడి, చివరికి మనం రాసేది కరపత్రంలో దొరికే సమాచారమేనా?

ఇక్కడ మీలో కొందరు లేవనెత్తే అభ్యంతరాలు నాకు ముందే వినిపిస్తున్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: "ఆ ఆనకట్ట లేకపోతే నీ కంచంలో అన్నమెక్కడిది?" న్యాయమైన ప్రశ్న. కుడి, ఎడమ కాలువల కింద దాదాపు 22 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఒకనాడు జొన్న తప్ప ఎరగని పల్నాడు నేల వరి పండించింది. 2004 నుంచి హైదరాబాదు కొళాయిలలో కృష్ణ నీళ్ళు వస్తున్నది ఈ జలాశయం పుణ్యానే. యంత్రాల మీద కంటే మనుషుల చేతుల మీద ఎక్కువగా ఆధారపడి, వేలమంది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ అది. రాతి ఆనకట్టలలో అంత ఎత్తయినది ప్రపంచంలోనే లేదని చెప్పుకుంటాం. ఆ గర్వం నాకూ ఉంది. ఆనకట్టను కూల్చమని నేనడగడం లేదు. కట్టకుండా ఉండవలసిందని కూడా అనడం లేదు. అన్నం తిన్నవాడు అది ఎవరి పొలంలో పండిందో అడగడం కృతఘ్నత కాదు. అడగకపోవడమే కృతఘ్నత.

పైగా, కృతజ్ఞతకూ భజనకూ తేడా ఉంది. ఆనకట్టలను దేవాలయాలన్న మాట నెహ్రూగారిదేనని మనమంతా వల్లిస్తాం. అదే నెహ్రూ 1958 నవంబరులో నీటిపారుదల ఇంజనీర్ల సభలో మాట్లాడుతూ, భారీవి కట్టి చూపించాలన్న తహతహ ఒక జబ్బుగా మారుతున్నదని హెచ్చరించిన సంగతి మాత్రం ఎవరూ వల్లించరు. దేవాలయమన్నాక దర్శనం తప్ప ప్రశ్న ఉండదు గనక మొదటి మాటే మనకు సుఖం. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల 312 టీఎంసీలకు దిగింది. లాంచీ కింద ఊళ్ళే కాదు, ఊళ్ళ మీద బురద కూడా పేరుకుంటోంది. ఆనకట్టను పక్కన పెట్టుకున్న నల్లగొండ జిల్లా దశాబ్దాల తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంచుకుంది. ఫ్లోరైడును వేరుచేసే ఒక విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని లోకం పేరు పెట్టేటంతగా! 2023 నవంబరు 30న, రెండు రాష్ట్రాల పోలీసులు ఆ గోడ మీద ఎదురుబొదురుగా నిలబడ్డారు. 13వ గేటు దగ్గర కంచె వెలిసింది, చివరికి కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాయవలసి వచ్చింది. ఇవన్నీ ఆనకట్ట కథలో భాగాలే. వీటిని దాచి చూపించే దర్శనం ఎవరికి మేలు?

రెండో అభ్యంతరం: "మ్యూజియం ఉంది కదా, అనుపు ఉంది కదా, ఇంకేం కావాలి?" అవి ఉన్నందుకు సంతోషమే. కానీ మ్యూజియం చూసినవాడికి ఒక భ్రమ కలుగుతుంది. అన్నీ ఈ కొండ మీదే ఉండేవి కాబోలని. కొండ మీద పేర్చిన స్తూపం చుట్టూ తిరిగి, ఇక్కడే కట్టారనుకుని దిగిపోయేవారు నూటికి తొంభై మంది ఉంటారని నా అనుమానం. ఏది ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చినదో తెలియాలంటే కొండ మీద నిలబడి నీటి వైపు చూపించేవారొకరు కావాలి. ఎత్తుకు రాలేనివి ఎన్ని మిగిలిపోయాయో చెప్పేవారు కావాలి. ఇంకో మాట. ఆ మ్యూజియం ఇక్ష్వాకులది. పుల్లారెడ్డిగూడానిది కాదు. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి అంతఃపుర స్త్రీ పేరు మనకు తెలిసినందుకు గర్విద్దాం. మరి 1950లలో అక్కడ వంట వండుకున్న స్త్రీ పేరు తెలియనందుకు ఏం చేద్దాం?

మూడోది అన్నిటికంటే తెలివైన అభ్యంతరం: "విహారానికొచ్చినవాళ్ళకు ఈ ఏడుపు ఎందుకు? ఆదివారం పూట కాస్త గాలి పీల్చుకోనివ్వండి." అయ్యా, సంగీత కచేరీకి వెళ్ళినవాడికి రాగం పేరు చెబితే ఆనందం పెరుగుతుందా, తరుగుతుందా? నేను కోరుతున్నది విలాపం కాదు. ఇదిగో ఇక్కడ నది ఒడ్డున స్నానఘట్టముండేది, రాతిమెట్లు దిగి నీళ్ళలోకి వెళ్ళేవారు, ఇప్పుడు ఆ మెట్ల చోటు మనకు ఇన్ని నిలువుల లోతున ఉంది. ఈ మాట చెప్పగానే లాంచీలో ప్రతివాడూ పక్కకు వంగి నీళ్ళలోకి చూస్తాడు. ఆ పిల్లవాడికి తాతగారిచ్చిన జవాబు కంటే మంచి జవాబు దొరుకుతుంది. ముప్పావు గంట ఊరికే కూర్చున్నవాడికి కథ చెబితే వద్దంటాడని నేననుకోను. కథ వినడానికి ఈ జాతి ఏనాడూ బద్ధకించలేదు. హరికథకూ బుర్రకథకూ రాత్రంతా కూర్చున్నవాళ్ళం మనం.

నాలుగోది: "పాత సంగతులు తవ్వి ఏం లాభం?" లాభం లేకపోతే సరే, నష్టమేమిటో మాత్రం చెబుతాను. సాగర్‌లో మరచిపోవడం నేర్చుకున్నాం గనకే శ్రీశైలంలో అదే పని ఇంకా మొరటుగా చేయగలిగాం. 1981లో ముంపు గ్రామాల ఇళ్ళను అధికారులు కూలీలను పెట్టి కూల్చారు. సుమారు వంద ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అక్కడ ఒక విచిత్రముంది. జలాశయంలో నీరు తగ్గిన వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం వెళ్ళి దీపం పెట్టి వస్తారు. నీళ్ళు పెరగగానే మళ్ళీ మునుగుతుంది. మనం చెప్పని పాఠాన్ని నీరే ఏటా చెబుతోంది. సాగర్ జలాశయానికి ఆ అలవాటు లేదు. అందుకే అక్కడ మనిషి చెప్పాలి.

ఇప్పుడు గోదావరి వంతు. పోలవరం ముంపులో లక్షకు పైగా కుటుంబాల బతుకులున్నాయి. వారిలో పెద్ద సంఖ్యలో కోయలు, కొండరెడ్లు. ఆ ముంపు మధ్యలోంచే పాపికొండల పడవ విహారం సాగుతుంది. "మునిగిపోకముందే ఒకసారి చూసి రండి" అని రాసే మిత్రులను చూస్తే నాకు నోట మాట రాదు. ఎవరో ఇల్లు వదిలి పోతుంటే, గుమ్మంలో నిలబడి ఇంటి ముగ్గు బాగుందని మెచ్చుకున్నట్టు ఉంటుంది ఆ వాక్యం. ఇంకో యాభై ఏళ్ళకు అక్కడా లాంచీ తిరుగుతుంది. అక్కడా ఒక మనవడు తాతను అడుగుతాడు. అప్పుడు కూడా "ఇంకా నీళ్ళే" అన్న జవాబే దొరకాలా? సాగర్‌లో ఈ పద్ధతి మార్చుకుంటేనే పోలవరంలో మరో పద్ధతి సాధ్యమవుతుంది. ఇప్పుడే, ఊళ్ళవాళ్ళు బతికి ఉండగానే, ఊరి పేరూ చెరువు పేరూ గట్టు పేరూ రాసి పెట్టుకోవచ్చు.

నీటిని తెర మీద బొమ్మలా చూసే అలవాటు ప్రాణాల మీదకు కూడా తెస్తుందని వేరే చెప్పాలా? 2017 నవంబరు 12న, కార్తీక మాసంలో, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉన్న రోజున, పాపికొండలకు బయలుదేరిన పడవ దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద మునిగింది. 77 మందిలో బయటపడినవారు 26 మంది. పడవను పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అక్కడ సుడి ఉంటుందన్న సంగతి ఆ ఒడ్డున పుట్టినవాడికి తెలుసు. నది గుణం తెలిసినవాడి మాటకు పడవలో చోటు లేదు, పాటకు మాత్రం ఉంది. కింద ఏముందో చెప్పే నోరు ఉన్న పడవలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పే నోరు కూడా ఉంటుంది. రెండూ ఒకే జ్ఞానం. లైఫ్ జాకెట్టును ఫోటో కోసం తొడుక్కుని, ఫోటో అయ్యాక విప్పి పక్కన పడేసే తంతు కూడా ఆ జ్ఞానం లేకపోవడం వల్లే.

విమర్శించి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు గనక ఏం కావాలో చెబుతాను. గొప్ప కోరికలేమీ కావు.

ఒకటి. లాంచీ సాగినంతసేపూ తెలుగులో చెప్పే వ్యాఖ్యానం. ఆ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు నేర్పితే వారే చెప్పగలరు. మనిషిని పెట్టలేకపోతే, ముందే మాటలు రికార్డు చేసి వినిపించవచ్చు. పాట వినిపించగల యంత్రానికి మాట వినిపించడం భారం కాదు. లోయ మ్యాపులు పురావస్తు శాఖ దగ్గర ఉన్నాయి. ఏ కట్టడం ఎక్కడ ఉండేదో వాటిలో గుర్తించి ఉంది.

రెండు. లాంచీలో ప్రతి బల్ల ముందూ ఒక మ్యాపు. నీటి గీత ఒక రంగులో, నీటి కింది లోయ మరో రంగులో. కొండ ఇక్కడ, మహాచైత్యం అక్కడ, ఏలేశ్వరం ఆ వైపు. అచ్చు వేయడానికయ్యే ఖర్చు ఒక పూట డీజిలు ఖర్చు కంటే ఎక్కువ కాదు.

మూడు, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. రేవులో, టిక్కెట్లిచ్చే గది పక్కన, ఒక రాతి కంబం. శంకుస్థాపన జ్ఞాపకంగా పైలాను ఉంది, ఏకంగా ఒక కాలనీకే ఆ పేరు వచ్చింది. కట్టినవారి ఘనతకు రాళ్ళకు కొదవ లేదు. నేనడిగేది మునిగిన ఊళ్ళ పేర్లు చెక్కిన రాయి. పల్లెలు, తండాలు, గూడేలు, ఒక్కటీ వదలకుండా, తెలుగులో. పేర్లు రెవెన్యూ రికార్డులలో ఉన్నాయి. భూమికి వెల కట్టడానికి ఆ పేర్లు రాసుకున్నవాళ్ళం, రాతి మీద రాయలేమా? విజయపురివారు ఒక పనివాడికి కూడా ఛాయాస్తంభం నిలిపారని పైన చెప్పాను. వారి నగరాన్ని ముంచి, ఆ నగరం పేరు తెచ్చి మన రేవుకు పెట్టుకున్నవాళ్ళం. పేరుతో పాటు ఆ ఆచారం కూడా తెచ్చుకోవలసింది.

ఇవి జరిగేదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఈసారి సాగర్ మీద టపా రాసేవారు, ఊళ్ళో పెద్దవాళ్ళెవరినైనా అడిగి, మునిగిన ఒక్క ఊరి పేరు, కుదిరితే దాని గురించి ఒక్క సంగతి రాయండి. మీ అమ్మమ్మ ఊరే కావచ్చు. ఏ చెట్టు కింద జాతర జరిగేదో, బావి నీళ్ళు తియ్యనో ఉప్పనో, ఊరు వదిలిన రోజున బండిలో ఏం వేసుకుని వచ్చారో, అదైనా చాలు. అలా నలుగురం రాస్తే, ఎవరో ఒకరు వాటిని ఒకచోట చేర్చవచ్చు. రాయికెక్కే లోపు అక్షరానికైనా ఎక్కుతాయి. నా వాదంలో తప్పున్నదనుకునేవారు నిస్సందేహంగా ఖండించండి. ఖండించేటప్పుడు ఒక్క ప్రశ్నకు జవాబు రాయడం మాత్రం మరవకండి: లాంచీ ఎక్కి మీరు చూసినది, మరి ఏమిటి?